పిల్లల ఊసెత్తని ఓడ ప్రయాణం

మా ఇంట్లో చలికాలం వచ్చిందన్న సంగతి ముందుగా ఫ్యాను దగ్గర తెలుస్తుంది. నవంబరు సగం దాటగానే నా భార్య ఫ్యాను ఆపుతుంది. నేను వేస్తాను. నాకు మీద గాలి ఆడకపోతే నిద్ర పట్టదు. ఆమెకు ఆ గాలి తగిలితే దగ్గు. ఉద్యోగాలు చేసే రోజుల్లో ఈ పోట్లాటకు పెద్దగా టైం దొరికేది కాదు. ఇద్దరమూ రిటైరయ్యాక తీరిగ్గా, వివరంగా పోట్లాడుకుంటున్నాం.

ఎల్బీనగర్‌లో ఉంటాం. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ఉన్నప్పుడు కట్టుకున్న ఇల్లు. కింద మేమిద్దరం, పైన మా అబ్బాయి, కోడలు, రెండో తరగతి చదివే మనవరాలు. పైనా కిందా అనేది పేరుకే. వంట కింద, పడక పైన, కేకలన్నీ మెట్ల మీద. మాది తెనాలి వైపు. కోడలి పుట్టిల్లు నాదర్‌గుల్. వాళ్ల నాన్నకు అక్కడ ఇంకా కొంచెం పొలం మిగిలి ఉంది కాబట్టి చలి మొదలైందంటే మా ఇంటికి సంచులకొద్దీ చిక్కుడుకాయలు దిగుతాయి. నా భార్య సర్కారు బడిలో హిందీ టీచరుగా చేసింది. బడి మానేసి చాలా కాలమైనా, ఎవరైనా హిందీలో లింగం తప్పితే ఆమె కనుబొమలు ఇప్పటికీ పైకి లేస్తాయి. హైదరాబాదు హిందీలో లింగాలే ఉండవు కాబట్టి ఆమె కనుబొమలకు విశ్రాంతి లేదు.

మొన్నటి చలికాలం ఆమె దగ్గు కాస్త ఎక్కువగానే ఉండింది. పొద్దున్నే లేచి మనవరాలి స్వెటరు వెతకడం, మిరియాల కషాయం కాచడం, ఆ పిల్ల ముక్కు మూసి తాగించడం, స్కూలు వ్యాను ఎక్కించి రావడం ఆమె పని. డాబా మీద ఎండ పడిందో లేదో చూసి రావడం నా పని. పక్కన కొత్తగా అపార్ట్‌మెంటు లేచాక మా డాబాకు పొద్దుటి ఎండ ఒక మూలకు మాత్రమే మిగిలింది. నేను కుర్చీ వేసుకుని ఆ మూలను ఆక్రమించి, ఎండ జరిగినప్పుడల్లా కుర్చీతో సహా జరుగుతూ ఉండేవాణ్ణి. ఆమె కూడా వచ్చి కూర్చోవచ్చు. కానీ కింద ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. ఆ పనేమిటో నేనెప్పుడూ దిగి చూడలేదు.

ఒకరోజు రాత్రి ఫ్యాను వేద్దామని చూస్తే రెగ్యులేటరు మీద తిప్పే గుండీ లేదు. పుల్లతో తిప్పాను, చెంచాతో తిప్పాను, లాభం లేకపోయింది. నా భార్య దుప్పటి ముసుగేసుకుని నిద్ర నటిస్తోంది. మర్నాడు పొద్దున కోడలు పప్పు కడుగుతూ వంటింట్లోంచి పిలిచింది.

"అత్తమ్మా, గీ కందిపప్పుల గీ గుండీ ఏంది?"

అత్తమ్మ దుప్పటి మడతపెట్టడంలో మునిగిపోయింది. నేను చెప్పాను, కాస్త విపులంగానే. కోడలు ఆ గుండీని పైటకొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, మా ఇద్దరినీ కాసేపు అలా చూసింది. ఆ పిల్ల చిన్నప్పుడు వాళ్ల పొలంలో కొట్టుకునే కోడిపుంజుల్ని కూడా అలాగే చూసి ఉంటుంది.

ఆ ఆదివారం అబ్బాయీ కోడలూ కలిసి మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టారు. ముంబయి నుంచి ఓడ. గోవా, లక్షద్వీపాలు చూపించి మళ్లీ ముంబయిలో దింపుతుంది. టికెట్లు కొనేశారు.

"నేను ఈత రానివాణ్ణి," అన్నాను.

"ఈదుకుంట పొమ్మంటలేం మామయ్యా. ఓడల కూసుండి పొమ్మంటున్నం," అంది కోడలు. "సముద్రం మీద చలి ఉండదు, అత్తమ్మకు దగ్గు తగ్గుతది. ఫ్యాను లొల్లి గుడ లేదు. అంత ఏసీనే."

ఆ సాయంత్రం టీ తాగుతూ నా భార్య గొంతు తగ్గించి అంది. "మనల్ని పంపించేసి వీళ్లేదో ప్లాను వేశారండీ."

"ఏం ప్లాను?"

"హాయిగా ఉందామని."

ఆలోచిస్తే నాకూ నిజమేననిపించింది.

ముంబయిలో ఓడ ఎక్కే ముందు సామాన్లు తనిఖీ చేశారు. నా భార్య పెట్టెలో చీర మడతల మధ్య మామిడికాయ పచ్చడి సీసా దొరికింది. అదేమిటని ఆ కుర్రాడు హిందీలో అడిగాడు. ఆమె నిటారుగా నిలబడి, "యహ్ ఆమ్ కా అచార్ హై" అని మొదటి పాఠం చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. వెనక వరుసలో ఎవరో పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పచ్చడిని మాత్రం దిగేటప్పుడు ఇస్తామని పక్కన పెట్టేశారు.

ఓడ కదిలాక ఇద్దరం పై డెక్కు మీద నిలబడ్డాం. ఒడ్డు దూరమవుతున్నకొద్దీ ఆమె సముద్రాన్ని కాక ఫోన్లో సిగ్నలును చూస్తోంది. గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఏమీ లేకుండా పోయింది.

"పాప నీలం స్వెటరు ఇస్త్రీ బట్టల్లో ఉందని చెప్పడం మర్చిపోయానండీ," అంది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూడా అదే ధోరణి. పాప కషాయం తాగిందో లేదో. వ్యాను దగ్గరికి ఎవరు వెళ్లారో. అబ్బాయి రాత్రి గేటు తాళం వేస్తాడో లేదో. పక్క బల్ల మీద మా వయసువాళ్లే ఒక గుజరాతీ దంపతులు, వడ్డిస్తున్న అబ్బాయిని ఆపి ఫోన్లో మనవడి ఫొటోలు చూపిస్తున్నారు. అతని చేతిలో పులుసు గిన్నె వణుకుతోంది. వీళ్లు ఫొటో వెనక ఫొటో చూపిస్తూనే ఉన్నారు. నా భార్య అది చూసి చెంచా కింద పెట్టింది.

"మనం కూడా ఇలాగే ఉన్నామాండీ?"

"మనం ఇంకా ఫొటోల దాకా రాలేదు."

"రేపు పొద్దున్నుంచి ఇంటి ఊసు, పిల్లల ఊసు ఎత్తకూడదు. ఎత్తినవాళ్లు రెండోవాళ్లకి టీ తెచ్చిపెట్టాలి."

టీ దొరికేది పై అంతస్తులో, ఓడ ఆ చివర. నేను ఒప్పుకున్నాను. ముందుగా నోరు జారేది ఆమేనని నా ధీమా.

పొద్దున ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంటూనే, "పాపకైతే ఇది గట్టిగా ఉంది అని..." అని ఆగిపోయాను. వెళ్లి టీ తెచ్చాను. ఇంకో గంటకు ఈతకొలను దగ్గర ఒక పిల్లను చూసి ఆమె, "ఆ జడలు చూడండి, అచ్చం మన..." అని నాలుక కరుచుకుంది.

"మన?"

"మన దిల్‌సుఖ్‌నగర్ పిల్లల్లాగే ఉంది అంటున్నాను. ఊరి పేరు చెప్పకూడదని ఎవరూ అనలేదు."

నేను వాదించాను. ఆమె వ్యాకరణం తీసింది. టీ మళ్లీ నేనే తెచ్చాను. మధ్యాహ్నానికల్లా ఆమె కడుపులో టీ తప్ప ఇంకేమీ లేదు. అప్పటికి ఇద్దరికీ జాగ్రత్త వచ్చింది. జాగ్రత్తతో పాటు మౌనం వచ్చింది.

ఆ మౌనం నేను ఊహించనిది. భోజనం ముగించాం, ఒక్క మాట లేదు. డెక్కు మీద కుర్చీల్లో కూర్చున్నాం, మాట లేదు. అబ్బాయి చదువు, ఉద్యోగం, పెళ్లి, మనవరాలు, మెట్ల మీద కేకలు, ఇవన్నీ పక్కన పెడితే మా మధ్య కూరగాయలూ ఫ్యానూ మాత్రమే మిగిలినట్టున్నాయి. ఓడలో వండేది మేం కాదు, ఫ్యాను లేదు. నేను సముద్రం గురించి ఒక మాట అన్నాను. "నీళ్లు చాలా ఉన్నాయి" అని. ఇంజనీరుగా నాకు తోచింది అదే. ఆమె అవునంది.

అయితే ఒక సంగతి గమనించాను. నేను కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాను గానీ, ఆమె మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని హాయిగా కూర్చుంది. చిక్కుడుకాయలు లేవు, తీయాల్సిన ఈనెలు లేవు. అయినా ఇబ్బంది పడటం లేదు. దగ్గు కూడా లేదు.

"ఏం ఆలోచిస్తున్నావు?" అన్నాను.

"ఏం లేదు. ఇలా ఊరికే కూర్చోవడం నాకు అలవాటేగా."

"ఎప్పుడు అలవాటయింది? ఇంట్లో నువ్వు కూర్చోగా నేను చూడలేదు."

"ఇంట్లో కాదు. మెట్రోలో."

నాకు అర్థం కాలేదు. ఆమె సముద్రం వైపే చూస్తూ, పెద్ద విశేషమేమీ కానట్టు చెప్పింది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళుతుంది. అది ఇంటిల్లిపాదికీ తెలుసు. ప్రసాదం తెస్తుంది, అందరం కళ్లకద్దుకుని తింటాం. మాకు తెలియనిది ఏమిటంటే, ఎల్బీనగర్‌లో రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగకుండా ఆ చివర మియాపూర్ దాకా పోతుందట. అక్కడ దిగి, ఇటు వచ్చే రైలెక్కి, వెనక్కి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతుందట. పోవడానికో గంట, రావడానికో గంట. రిటైరయిన ఏడాది నుంచీ ఇదే వరస.

"మరి మాకు గుడికని చెప్పావే."

"అబద్ధం చెప్పలేదు. గుడికే వెళ్లాను. మియాపూర్ మీదుగా వెళ్లాను."

"మియాపూర్‌లో ఏముంది?"

"ఏం లేదు. అందుకే వెళతాను."

ఎవరూ రూలు తప్పకపోయినా లేచి టీకి వెళ్లాను. క్యూలో నిలబడి ఉంటే కొంచెం కోపం వచ్చింది, కొంచెం సిగ్గేసింది. గురువారం మధ్యాహ్నాల్లో నేనేం చేస్తుంటానా అని గుర్తు చేసుకున్నాను. నిద్రపోతుంటాను. ఆమె లేని సంగతి లేచాక, టీకి పిలిచినప్పుడు తెలుస్తుంది.

తిరిగి వచ్చి కప్పు చేతికిస్తూ అడిగాను. "నన్నెందుకు తీసుకెళ్లలేదు?"

"మీరొస్తే ప్రతి స్టేషన్లో ఇదేం స్టేషనని అడుగుతారు."

"బోర్డులుంటాయిగా."

"ఉన్నా అడుగుతారు." టీ ఒక గుక్క తాగి, ఈసారి నవ్వకుండా అంది. "ఆ రెండు గంటలూ ఫలానాది ఎక్కడుందని నన్ను అడిగేవాళ్లు ఎవరూ ఉండరండీ. అంతే. ఇంకేం లేదు."

నా కళ్లజోడు ఎక్కడ, టవలు ఎక్కడ, బీపీ మాత్ర ఎక్కడ, పేపరు ఎక్కడ. ఇవన్నీ ఒక్కసారి నా చెవుల్లో నా గొంతుతోనే వినిపించాయి. ఆ సాయంత్రం గదిలో కళ్లజోడు కనపడలేదు. నేను అడగలేదు. మంచం కింద చూశాను, స్నానాల గదిలో చూశాను, పెట్టె రెండుసార్లు విప్పాను. ఆమె మంచం మీద కూర్చుని, నేను తల మీద కళ్లజోడు పెట్టుకుని గదంతా వెతకడాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఆగలేక కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. మెట్రోలో ఆమె చూసినవన్నీ చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి, పుస్తకం తెరిచి, అమీర్‌పేట దాకా అదే పేజీ చూసే కోచింగు పిల్లలు. మలక్‌పేటలో ఎక్కి ప్రతి వారం ఫోన్లో ఎవరికో పాయసం చేయడం నేర్పే ఒకావిడ. నేను ఉద్యోగంలో కాలవల గట్ల మీద ఒంటరిగా తిరిగిన రోజులు చెప్పాను. ఎప్పుడూ చెప్పనివి, ఎవరూ అడగలేదు కాబట్టి.

గోవాలో ఓడ ఆగగానే ఫోను ప్రాణం పోసుకుని టకటకా మోగింది. కోడలి మెసేజి. "అత్తమ్మా, కషాయం పొడి డబ్బా యాడ పెట్టిన్రు?"

నా భార్య చదివి, ఫోను సంచిలో పడేసింది. "వెతుక్కుంటారులెండి," అంది.

పది అడుగులు వేసింది. ఆగింది. ఫోను తీసి, "మూడో అరలో, పోపుల పెట్టె వెనకాల" అని టైపు చేసింది. తర్వాత ఏమీ అనకుండా వెళ్లి నాకు టీ కొనుక్కొచ్చింది. ఆ ప్రయాణంలో ఆమె తెచ్చిన ఒకే ఒక్క టీ అది. నిజానికి అంత బాగా లేదు. చాలా బాగుందని చెప్పాను.

ఇంటికొచ్చాక మొదటి గురువారం మధ్యాహ్నం నేను నిద్రపోలేదు. ప్యాంటూ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాను. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని వచ్చి, నన్ను చూసి నిలబడింది.

"ఎక్కడికి?" అంది.

"గుడికి. నువ్వు ఒప్పుకుంటేనే."

కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నన్ను ఆటపట్టించడానికి కాదు. చివరికి సరేనంది. కోడలు మెట్ల మీంచి చూసి, "ఇద్దరు కలిసే పోతున్నరా? మంచిగైంది" అంది.

ప్లాట్‌ఫాం మీద రైలు ఆగగానే నా భార్య ఆడవాళ్లకు కేటాయించిన వైపు నడిచింది. నేను వెనకాలే పోబోయాను.

"మీరటు. మియాపూర్‌లో కలుద్దాం," అంది.

మగపిల్లల మధ్య కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. జనం తలల సందుల్లోంచి కిటికీ పక్కన ఆమె భుజం కొంచెం కనిపించేది. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం ఎక్కాక అదీ కనిపించలేదు. అమీర్‌పేటలో సీటు దొరికింది. ఎవరితోనూ మాట్లాడకుండా, ఏమీ అడగకుండా మియాపూర్ చేరాను. అక్కడ నిజంగానే ఏమీ లేదు. ఇద్దరం ప్లాట్‌ఫాం మీద కలుసుకుని, అటు వైపు పోయి, వెనక్కి వచ్చే రైలు కోసం నిలబడ్డాం. ఈసారి ఆమె ఆడవాళ్ల వైపు వెళ్లలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

మూసాపేట దాటేదాకా నాకు తెలుసు. మళ్లీ కళ్లు తెరిచేసరికి రైలు ఆగిపోయి ఉంది, పెట్టె దాదాపు ఖాళీ, నా తల ఆమె భుజం మీద ఉంది. బయట ఎల్బీనగర్ బోర్డు.

"దిల్‌సుఖ్‌నగర్ దాటిపోయిందే. లేపలేదేం? గుడి?" అన్నాను.

ఆమె భుజం రుద్దుకుంటూ లేచింది. "బాబా ఎక్కడికీ పోడు. పదండి, పాప వ్యాను వచ్చే టైమైంది."