ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?

2023 జూలై. రిటర్నులు వేసే సీజను. అమలాపురంలో ఎర్రవంతెన దాటాక ఒక స్టేషనరీ కొట్టు మీద నా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గాలికంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. నేను సీఏని కాను. బీకాం చదివి టాక్స్ ప్రాక్టీషనరుగా నమోదైనదాన్ని. జనానికి ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తాను, వ్యాపారులకు జీఎస్టీ వేస్తాను, నోటీసు వస్తే జవాబు రాస్తాను. ఊళ్లో అందరికీ నేను టాక్సు మేడంగారిని. సగం మందికి నా పేరు తెలియదు, దానికి నాకేం బాధ లేదు.

ఈ పనంటే లెక్కలని బయటివాళ్లు అనుకుంటారు. లెక్కలు సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఏటా లైసెన్సు రెన్యూవల్‌కి నా దగ్గర ముక్కుపిండి వసూలు చేసి, సరిగ్గా గడువు దగ్గర పడ్డప్పుడు అప్‌డేట్ కావాలని మొరాయిస్తుంది, అది వేరే సంగతి. నా అసలు పని ఓటీపీలు అడుక్కోవడం. సాఫ్ట్‌వేర్‌లో క్లయింట్ మాస్టర్ అని ఒక పేజీ ఉంటుంది. మనిషి పేరు, పాన్ నెంబరు, పాస్‌వర్డు, ఫోన్ నెంబరు అందులో ఉంటాయి. ప్రభుత్వ పోర్టల్‌లో ఏ చిన్న పని చేయాలన్నా ఆ ఫోనుకి ఓటీపీ వస్తుంది.

మా వైపు ఒక అలవాటుంది. మస్కట్‌లో ఉన్న మనిషికి బావమరిది నెంబరు పెడతారు. రొయ్యల చెరువు రైతుకి మేత డీలరు నెంబరు పెడతారు. చదువు రానివాళ్లకి, ఆ రిటర్ను వేసినవాడు తన నెంబరే పెట్టేస్తాడు. "ఏదో ఒకటి పెట్టేయండి మేడంగారూ, మళ్లీ ఎవరు తిరుగుతారండి" అంటారు. ఆ నెంబరు ఎవరి జేబులో ఉంటే ఖాతా వాళ్లదైపోతుందని ఒక్కరికీ తట్టదు.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు మెట్లెక్కి వచ్చారు. తండ్రి సత్తిబాబు, అంబాజీపేటలో కొబ్బరి వలుపు కార్మికుడు. నేలలో పాతిన ఇనుప ములుకు మీద రోజంతా కాయలు గుచ్చి పీచు డొక్క ఒలిచే పని. అరచేతులు చెక్కలా బిగుసుకుపోయి ఉన్నాయి. కూతురు మంగతాయారు, మంగ అని పిలుస్తున్నాడు. నర్సింగు పూర్తి చేసింది. కాకినాడలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది, నెలాఖరుకి ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని చేరాలి. కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వనంటున్నారు. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు ఆఖరి ఏడాది రాలేదు, అది మీరు కడితేనే ఇస్తామన్నారు.

"ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాను.

"మా ఊరి సచివాలయంలో అడిగేనండి. మా ఇంట్లో ఇన్‌కమ్ టాక్సు కట్టేవాళ్లు ఉన్నారంటండి. అందుకని మా ఇంటికి ఏ పథకమూ రాదంటండి."

"ఎవరు కడుతున్నారు?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది. ఆయన చొక్కా కాలరు చిరిగి లోపలి గుడ్డ కనపడుతోంది. ఇలాంటి పొరపాట్లు మాకు మామూలే, ఎవరి పాన్ నెంబరో ఎవరి ఆధార్‌కో తగులుకుని ఉంటుందనుకున్నాను. ఆయన పాన్ కొట్టి, పాస్‌వర్డు మర్చిపోయామని నొక్కాను. ఫలానా నెంబరుకి ఓటీపీ పంపామని పోర్టల్ చెప్పింది. నెంబరు మొత్తం చూపించదు, చివరి అంకెలే చూపిస్తుంది. ఆ అంకెలు చూడగానే నా నవ్వు ఆగిపోయింది.

అన్నీ ఏడులే. డబ్బు పోసి కొనుక్కున్న ఫ్యాన్సీ నెంబరు. దాన్ని నేను ఏళ్ల తరబడి నా చేత్తో టైపు చేస్తున్నాను. అది వీర్రాజు గారిది. ఆయన కొబ్బరి వ్యాపారి, నేను ఆఫీసు తెరిచిన కొత్తలో వచ్చిన క్లయింటు. మార్కెట్‌లో ఇంకా చాలామందిని నా దగ్గరకు పంపిన మనిషి.

"సత్తిబాబు గారూ, మీ కార్డులు ఎవరికైనా ఇచ్చేరా?"

"ఆయ్. అయ్యగారికిచ్చేనండి." ఆయన మొహం వెలిగింది. "వీర్రాజు గారి దగ్గరే కదండీ నేను పని చేసేది. నా పేరు మీద కంపెనీ పెట్టేరండి. మంగతాయారు ట్రేడర్స్ అని మా అమ్మాయి పేరే పెట్టేరు. గోడౌను మీద బోర్డు కూడా ఉందండి. అంతమంది వలుపోళ్లలో నన్నే నమ్మేరండి."

మంగ తల దించుకుంది. ఆ బోర్డు చూసి స్నేహితులకు ఫోటో కూడా పంపుకుందట, ఇంటర్ చదివేటప్పుడు.

విషయం నాకు పూర్తిగా అర్థమైంది. వీర్రాజు గారు తన సరుకులో సగం ఈయన పేరు మీద అమ్ముతున్నారు. తన లెక్కలో అమ్మకం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. ఆ కంపెనీకి బ్యాంకు అప్పు కావాలంటే ఆదాయం చూపించాలి కాబట్టి, ఈమధ్యే సత్తిబాబు పేరున రిటర్ను వేసి కాస్త పన్ను కూడా కట్టారు. ఈ రెండో దుకాణం పని నా కంట పడకుండా ఇంకెక్కడో చేయించుకున్నారు. కాగితాల ప్రకారం, చొక్కా కాలరు చిరిగిన ఈ మనిషి పెద్ద వర్తకుడు. వర్తకుడి కూతురికి ప్రభుత్వం ఫీజు ఎందుకు కడుతుంది?

ఆధార్ ద్వారా వెళ్దామంటే దానికీ అదే నెంబరు. ఆధార్ సెంటరుకి కూడా వాళ్ల గుమాస్తాయే తీసుకెళ్లాడట. నెంబరు మార్పించాలంటే రోజులు పడుతుంది. ఇక దారి లేక ఆ ఏడుల నెంబరుకే ఫోన్ చేశాను.

"వీర్రాజు గారూ, మీకొక ఓటీపీ వచ్చి ఉంటుంది, చెప్పండి."

"వచ్చిందండి. ఎవరిదండి మేడంగారూ?"

"మీ సత్తిబాబుది. నా ముందే కూర్చున్నాడు."

వెనక లారీలోకి కాయలు విసురుతున్న చప్పుడు వినిపించింది.

"అది ఇచ్చేది కాదండి. మా ఇంట్లో వ్యవహారం. వాణ్ణి నా దగ్గరకి పంపండి" అని పెట్టేశారు.

"అయ్యగారేమన్నారండి?" అన్నాడు సత్తిబాబు.

"ఇవ్వనన్నారు."

"పని మీద ఉండి ఉంటారండి" అన్నాడు. ఆ అమాయకత్వానికి జాలి పడాలో, రెండు భుజాలూ పట్టుకుని కుదిపెయ్యాలో నాకు తెలియలేదు.

మర్నాడు మళ్లీ రమ్మన్నాను. "ఈ ఖాతా, ఈ జీఎస్టీ నెంబరు నేను నడపడం లేదు, నా కార్డులు వేరేవాళ్లు వాడుతున్నారు" అని సత్తిబాబు పేరున పన్నుల శాఖకు ఒక ఫిర్యాదు, దాని కాపీ సచివాలయానికి. రెండూ తెలుగులో రాసి, ప్రింటు తీసి, మెల్లగా చదివి వినిపించాను. మంగ ప్రతి వాక్యానికీ తలూపింది. సత్తిబాబు పెన్ను పట్టుకున్నాడు. సంతకం చేయడం కూతురే నేర్పిందట, వేలిముద్రలు అరిగిపోయి మిషను మీద పడటం లేదని.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. వీర్రాజు గారు. వెనక ఒక మనిషి కొబ్బరి బొండాల గెల పట్టుకుని వచ్చాడు. సత్తిబాబు కుర్చీలోంచి దిగ్గున లేచి గోడకి అంటుకుపోయాడు. తర్వాత ఎంత చెప్పినా కూర్చోలేదు.

"ఏరా, నాతో చెప్పకూడదట్రా?" అన్నారు వీర్రాజు గారు, ఎంతో మెత్తగా. "అమ్మాయి ఫీజు నేను కట్టనా? మేడంగార్ని ఇబ్బంది పెట్టడం ఏవిటి?"

"ఫీజు సంగతి కాదండి," అంది మంగ. "నాన్న పేరు తీసేయండి. మా తమ్ముడు కూడా చదువుకోవాలి కదండీ. అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి కార్డు కూడా పనిచెయ్యదంటండి."

"తీసేద్దాం తల్లీ. ఈ సీజను దాటనియ్యి. ఉన్నపళంగా మూసేస్తే మీ నాన్నకే నోటీసులొస్తాయి. అవునాండి మేడంగారూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోటీసు వస్తే ఎవరి పేరున వస్తుందో బాగా తెలిసిన మనిషి, అదే మాటతో బెదిరిస్తూ, దానికి నన్ను సాక్ష్యం అడుగుతున్నాడు. "ఇది తప్పండి వీర్రాజు గారూ. మీ పన్ను తప్పించుకోవడానికి ఈ పిల్ల జీవితం అడ్డం పెట్టుకున్నారు. సిగ్గుపడాల్సిన పని" అన్నాను. అంత గట్టిగా నేను ఏ క్లయింటుతోనూ మాట్లాడలేదు.

ఆయన కోప్పడలేదు. సత్తిబాబు వైపు తిరిగి, "నీ ఇష్టంరా. పెట్టాలనుంటే పెట్టు సంతకం" అన్నారు.

"పెట్టు నాన్నా" అంది మంగ.

సత్తిబాబు వచ్చి పెన్ను నా బల్ల మీద పెట్టాడు. జాగ్రత్తగా, దొర్లి పడిపోకుండా పెట్టాడు. "అయ్యగారి మీద కాగితం ఎలా రాస్తానండి? పిల్లకి ఫీజు కడతానంటున్నారు కదండీ" అన్నాడు. తర్వాత వీర్రాజు గారి కాళ్లకు దండం పెట్టాడు. నా ఆఫీసులో, నా కళ్ల ముందు. మంగ కిటికీ వైపు తిరిగిపోయింది.

వెళ్తూ వెళ్తూ వీర్రాజు గారు తన డేటా ఇచ్చేయమన్నారు. ఇన్నేళ్ల రిటర్నులు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. క్లయింటును తొలగించమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. అవునన్నాను. నిజంగానేనా అని మళ్లీ అడిగింది. మళ్లీ అవునన్నాను. ఆ సీజను అయ్యేలోపు అంబాజీపేట మార్కెట్ నుంచి నాకున్న క్లయింట్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి, "ఏవనుకోకండి మేడంగారూ" అంటూ డేటా అడిగి పట్టుకెళ్లారు. అనుకున్నాను. చాలానే అనుకున్నాను.

మంగని మళ్లీ చూసింది మరుసటి వేసవిలో. ఒక్కతే వచ్చింది. కాకినాడలో చేరావా అని అడిగితే నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వీర్రాజు గారు మాట ప్రకారం ఫీజు కట్టారు. కట్టినవారే కాలేజీకి వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చి, "మీ ఇంట్లో చెదలు" అని తన బీరువాలో పెట్టుకున్నారు. చేరాల్సిన గడువు దాటిపోయింది. అప్పటినుంచి ఆ పిల్ల ఆయన కొట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొడుతోంది. నర్సింగు చదివిన పిల్ల కొబ్బరికాయల బిల్లులు కొడుతోంది.

"ఇప్పుడు నాన్న పేరు మీద ఉన్నది మూసేస్తానంటున్నారండి" అంది. "దాని బదులు నా పేరు మీద కొత్తది తెరవాలంటండి. తెరిస్తే సర్టిఫికెట్లు కూడా ఇచ్చేస్తారంట." తన పాన్ కార్డు కాపీ బల్ల మీద పెట్టింది. "మీరు చేసిపెట్టండి మేడంగారూ. వాళ్ల మనిషి చేస్తే ఆయన నెంబరు పెట్టేస్తాడు. మీరైతే నా నెంబరు పెడతారు. ఓటీపీ నాకే వస్తది. అప్పుడు కనీసం ఏం జరుగుతుందో నాకు తెలుస్తది కదండీ. నాన్నకి మాత్రం చెప్పకండి."

ఏ కోచింగులోనూ చెప్పని సంగతి ఆ పిల్ల ఏడాదిలో నేర్చేసుకుంది. నేర్చుకుని, దాన్ని పట్టుకుని మళ్లీ అదే ఉచ్చులోకి నడుస్తోంది. చేయనన్నాను. ఇది చేస్తే ఆయనకూ నాకూ తేడా లేదన్నాను. పోలీసులకు రాద్దాం, కలెక్టరాఫీసులో అర్జీ పెడదాం, నీ వెంట నేనొస్తానన్నాను. అంతా ఓపిగ్గా వింది.

"నాన్న ఒప్పుకోరండి" అంది. "మీరు చెయ్యకపోతే ఆయన నెంబరే పెడతారండి" అంది. కోపంగా కాదు, నాకు తెలియదేమోనని గుర్తు చేసినట్టు. నీళ్లు తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయింది. పాన్ కాపీ బల్ల మీదే మర్చిపోయింది.

ఈ కేసు ఏం నేర్పిందంటే, కొత్త క్లయింటు ఎవరొచ్చినా ఇప్పుడు నేను మొదట ఫోను బయటికి తీయమంటాను. వాళ్ల ఫోను, వాళ్ల చేతిలో, వాళ్ల నెంబరు. ఓటీపీ వాళ్లే చదివి చెప్పాలి. చదవడం రాకపోతే అంకెలు చూపించి నేర్పిస్తాను. విసుక్కుని పక్క వీధికి పోయేవాళ్లున్నారు, పోనిస్తాను. ఇది మంచి పద్ధతేనని నాకు తెలుసు. మంగకి మాత్రం అది ఏ ఉపయోగానికీ రాలేదు. నేను చేయనన్నందుకు నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా నోరు చేదవుతుంది.

పాన్ నెంబరు కొడితే దాని మీద ఉన్న జీఎస్టీ కంపెనీలు పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. కొన్ని వారాలు ఆగి, ఆ కాపీ తీసి మంగ పాన్ నెంబరు కొట్టాను. కంపెనీ వచ్చింది. పేరు సత్తిబాబు ట్రేడర్స్. ఈసారి తండ్రి పేరు పెట్టారు. ఆ బోర్డు కూడా గోడౌను మీదకి ఎక్కి ఉంటుంది, దాన్ని చూసి సత్తిబాబు ఎంత మురిసిపోయి ఉంటాడో నేను ఊహించగలను.

తర్వాత సత్తిబాబు పాన్ కూడా కొట్టి చూశాను. మంగతాయారు ట్రేడర్స్ మూసెయ్యలేదు. ఇంకా నడుస్తూనే ఉంది.