బియ్యం అరలో పెటోస్కీ రాళ్ళు

మా చిన్నప్పుడు... ట్రక్కు వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని, అద్దంలోంచి మా ట్రెయిలర్‌ని చూస్తూ ఉండేదాన్ని, బెల్టు పెట్టుకోమని అమ్మ అరిచేదాకా. తెల్లగా, నడుముకి నీలం చార కట్టుకుని, ఇల్లే మా వెనక నడిచొస్తున్నట్టు ఉండేది...

మా నాన్న అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో కార్ల ఇంజనీరు. హాఫ్ టన్ పికప్ ట్రక్కు ఒకటి, దానికి తగిలించే, మంచాలూ వంటగట్టూ ఉన్న సెకండ్ హ్యాండ్ ట్రెయిలర్ ఒకటి కొన్నారు. ఏటా ఆగస్టులో మిషిగన్ సరస్సు ఒడ్డున మా తెలుగు క్రైస్తవ సహవాసం కూటాలు. నాలుగు రోజులు, యాభై మంది.

పితరులు గుడారాల్లో బతికారని లేఖనంలో చదివితే అందరికీ ఎడారి కనిపిస్తుందేమో. నాకు మాత్రం పైన్ చెట్ల వాసన... ట్రెయిలర్ రేకు మీద వాన... పొద్దున్నే అమ్మ గ్రైండర్ గుర్రుగుర్రు...

ఆ గ్రైండర్ కోసం అమ్మ అమెరికా వచ్చేటప్పుడు సూట్‌కేసులోంచి పట్టుచీరలు తీసేసిందట. రాతి గ్రైండర్. యాభై మందికీ ఇడ్లీ పిండి అందులోనే. అది ట్రెయిలర్ వెనక భాగంలో, వంటగట్టు మీద ఉండేది. అందుకని నాన్న ముందు భాగంలో మంచం కింద అరలో రెండు బియ్యం బస్తాలు పెట్టేవారు.

"బరువు ముందుండాలమ్మా. వెనకుంటే బండి తోక ఆడిస్తుంది," అనేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు రాళ్ళ పిచ్చి పట్టుకుంది. పెటోస్కీ రాళ్ళంటారు, ఆ ఒడ్డున దొరుకుతాయి. పొడిగా ఉంటే ఉత్త బూడిదరంగు. తడిపితే ఒళ్ళంతా తేనెపట్టు గళ్ళు! "ఒక్కటి తెచ్చుకో, చాలు," అంది అమ్మ. నేను నాలుగు రోజులూ గౌను ఒళ్ళో మోసుకొచ్చి, ఖాళీ అయిన బియ్యం సంచి నింపేశాను. ట్రెయిలర్లో వంటగట్టు కింద, చిట్టచివరి మూలలో... పైన దుప్పటి కప్పాను.

ముందున్న బియ్యమేమో అందరం తినేశాం. సర్దే హడావుడిలో నాన్నకి ఆ సంగతే తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాం. వేగం పెరిగింది. ట్రెయిలర్ మెల్లగా ఎడమకి వెళ్ళింది... కుడికి వచ్చింది... మళ్ళీ ఎడమకి. ఊయలలా. ట్రక్కు కూడా దానితోపాటే ఊగుతోంది. ఎంత హాయి! నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి... అప్పుడు నాన్న మెడ చూశాను. చెమటతో తడిసిపోయింది.

"ఎవరూ మాట్లాడకండి," అన్నారు. యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బండి దానంతటదే నెమ్మదించేదాకా ఊపిరి బిగబట్టారు. అలా హైవే పక్కన బళ్ళు ఆపుకునే రెస్ట్ ఏరియాలోకి చేర్చారు.

మా వెనకే వ్యాన్‌లో వస్తున్న డేవిడ్ అంకుల్ పరుగెత్తుకొచ్చారు. "బ్రదర్! మీ ఇల్లు డాన్స్ చేస్తోందండీ! వెనక నేను కీర్తన ఎత్తుకున్నాను భయంతో!"

నాన్న నుదురు కొట్టుకున్నారు. "ముందు బియ్యం అయిపోయింది. వెనక గ్రైండర్ ఉంది. ఇంకేమైనా ఉందా వెనక?"

నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను.

"గ్రైండర్ ట్రక్కులో పడేయండి," అన్నారు అంకుల్.

"ట్రక్కు ఎంత బరువు మొయ్యచ్చో డోర్ పక్కన స్టిక్కర్ చూశారా? లాగడం వేరు, మొయ్యడం వేరు బ్రదర్. ఇంకో ఇడ్లీ ప్లేటు కూడా పెట్టకూడదు."

అంకుల్ వ్యాన్‌లో ఏడుగురు మనుషులు, రెండు స్పీకర్లు, డోలక్. బియ్యం అరలో గ్రైండర్ ఎత్తు పట్టదు. నాన్న దాన్ని దింపి పిక్నిక్ టేబుల్ మీద పెట్టారు. "ఇక్కడే వదిలేద్దాం. ఇంకోటి కొంటాను."

అమ్మ చున్నీతో దాని మూత తుడిచింది. మళ్ళీ తుడిచింది. అప్పటికే అది శుభ్రంగా ఉంది...

ప్రియులారా! తన గుడారం కింద ఒకడు పాతిపెట్టిన సొమ్ము వల్ల జనమంతా యుద్ధంలో ఓడిపోయిన అధ్యాయం నేను పెద్దయ్యాక చదివాను. దాని అర్థం మాత్రం ఆ టేబుల్ దగ్గరే తెలిసింది. నేను ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. నా కళాశాల ఆ రెస్ట్ ఏరియా!

చెప్తే నా రాళ్ళు పోతాయి. చెప్పకపోతే అమ్మ గ్రైండర్ పోతుంది.

"నాన్నా... వెనక ఇంకా ఉంది."

దుప్పటి తీసి సంచి ఎత్తబోయిన నాన్న ఎత్తలేకపోయారు. "సరస్సు మొత్తం ఇంటికి పట్టుకెళ్తున్నావటే తల్లీ?" అన్నారు అంకుల్.

"నా రాయి పారేయించి, నీ రాళ్ళు తెచ్చుకుందామనా?" అంది అమ్మ. కోపమో, నవ్వో, ఇప్పటికీ తేల్చుకోలేను.

నాన్న తిట్టలేదు. చేతికో ఇడ్లీ గిన్నె ఇచ్చారు. "ముందుకి తీసుకురా. బియ్యం ఉన్న చోట పెట్టు. బరువు ఇంచుమించు అంతే, సరిపోతుంది."

గిన్నెడు గిన్నెడు మోశాను. వెనక మూల నుంచి ముందు అరకి, మోచేతులు లాగేసేదాకా. గ్రైండర్ మళ్ళీ దాని గట్టెక్కింది. ఇంటిదాకా ట్రెయిలర్ ఊగలేదు... నాకు నిద్రా రాలేదు. మా వెనకే బుద్ధిగా నడిచొస్తున్న ఇంటిని చూస్తూ కూర్చున్నాను.

ఇప్పటి ట్రక్కులు తెలివైనవి. ట్రెయిలర్ ఊగితే వాటంతటవే బ్రేకు వేసుకుంటాయి, తెర మీద ఒక గుర్తు వెలిగించి ఊరుకుంటాయి. మంచిదే. కానీ దారి పక్కన ఆపి, దిగి, "వెనక ఇంకేమైనా ఉందా?" అని అడిగే పనే లేకుండా పోయింది. నాన్న డ్రైవింగ్ మానేశారు. ట్రెయిలర్ అమ్మేశారు. ఇడ్లీ పిండి డబ్బాల్లో దొరుకుతోంది...

ఆదివారం నేను వాక్యం చెప్పేటప్పుడు ఆ రాళ్ళలో ఒకటి నా ముందు ఉంటుంది. గొంతు ఆరిపోయినప్పుడు నీళ్ళు తాగి, ఆ తడివేలితో దాన్ని తాకుతాను. గళ్ళు విచ్చుకుంటాయి... ఆరిపోయేదాకా నాకు తొమ్మిదేళ్ళే.

చిట్టచివరి మూలలో, దుప్పటి కింద, మీరేం దాచారు? ఇక్కడ చెప్పండి... గిన్నెడు గిన్నెడుగా అయినా సరే, ముందుకి తీసుకురండి.