అక్క ఊఁ అన్న కథ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కథ చెప్పడం కన్నా ఊఁ కొట్టడమే పెద్ద పని. మాది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పల్లె. మధ్యాహ్నం పూట, ఒడ్డుకు లాగిన పడవ నీడలో ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తుంటే మా అవ్వ కథ చెప్పేది. వినేవాళ్ళు మాటమాటకూ ఊఁ అనాలి. ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగేది. "ఏందిమే, నిద్దరపోతా ఉండారా?" అని కసిరేది.

ఒకసారి మా చిన్నత్త కాన్పుకని అవ్వ తోటపల్లి గూడూరు వెళ్ళి నెల రోజులు ఉండిపోయింది. నాకప్పుడు పదేళ్ళు. అవ్వ చోట్లో నేను కూర్చున్నాను. ఎవరైనా కూర్చోమన్నారా అంటే లేదు, నా నోటి దురద. రెండు రోజులు అవ్వ చెప్పిన రాజుల కథలే తిప్పి చెప్పాను. ఊఁలు సన్నబడ్డాయి. ఒకామె నా మొహం మీదే ఆవలించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో రోజు కథలోకి ఒక మనిషిని తెచ్చాను. సముద్రంలో పడవ తిరగబడి చచ్చిపోయాడని అందరూ అనుకున్న మనిషి. అరవ ఒడ్డుకు కొట్టుకుపోయాడు, తలకు దెబ్బ తగిలి పేరూ ఊరూ మరిచిపోయాడు, ఎవరో ముసలమ్మ గంజి పోసి బతికించింది. ఊఁలు పెరిగాయి. రొయ్యలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. అబ్బ, ఏం సంతోషమో నాకు! ఇంకా పెరగాలని, అతని ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉందని కూడా చెప్పాను.

ఆ సగం వేలు మా పక్కింటి అక్క మొగుడిది. వల తాడు చుట్టుకుని తెగింది. అంతకు ఏడాది ముందు వాయుగుండంలో ఆయన వెళ్ళిన పడవ తిరగబడితే మిగతావాళ్ళు ఈదుకొచ్చారు, ఆయన రాలేదు. శవం కూడా దొరకలేదు గనక అక్క గాజులు తియ్యలేదు. ఏడాది చూసి కర్మ చేద్దామని పెద్దలన్నారు. ఆ వారంతో ఏడాది నిండుతుంది. ముత్తుకూరు వైపు ఒక మంచి మనిషిని వాళ్ళన్న మారుమనువుకు చూసిపెట్టాడు. మా వాళ్ళలో అది తప్పేం కాదు. అక్కకు ఇరవై మూడేళ్ళు. ఆమె ఇంకా ఊఁ అనలేదు గానీ, వద్దని కూడా అనలేదు. ఇదంతా నాకు తెలుసు. పదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందిలే అని ఎవరూ నన్ను వెనకేసుకురానక్కర్లేదు.

పడవకు అవతలి పక్క అక్క చేపలు ఎండబోస్తోందని మాత్రం నేను చూసుకోలేదు. వేలు మాట వినపడగానే ఇటు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆమె ఒక్కతే, "ఊఁ, తర్వాత?" అంది.

ఉత్తదే అక్కా, నేనే కల్పించాను అని ఉంటే అక్కడితో పోయేది. కానీ నన్ను అంత మనసుపెట్టి అప్పటిదాకా ఎవరూ వినలేదు. ఆ ఆశ నన్ను ఆపనివ్వలేదు. చేపల పులుసు వాసన వస్తే ఏదో గుర్తొచ్చినట్టు ఏడుస్తాడని చెప్పాను. "ఊఁ. ఆ ముసలామె వేళకి అన్నం పెడతా ఉందా పాపా?" అని అడిగింది. పెడుతోందన్నాను.

మారుమనువుకు ఊఁ అనని మనిషి నా కథకు ఊఁ అంది. మర్నాడు వాళ్ళన్న వస్తే, ఆయన బతికే ఉండాడు, నేను రాను అని చెప్పి పంపేసింది. కర్మ చెయ్యనివ్వలేదు. సంచిలో రెండు చీరలు పెట్టుకుని, బస్సెక్కి, సగం వేలు మనిషిని చూశారా అంటూ అరవ పల్లెలన్నీ తిరగడం మొదలుపెట్టింది.

అవ్వ తిరిగొచ్చి సంగతి విన్నది. నన్ను కొట్టలేదు. అదే పడవ నీడలో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ కథ మొదటి నుంచీ చెప్పమంది. చెప్పాను. అవ్వ ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. సగానికి వచ్చేసరికి బావురుమన్నాను. "ఊఁ వస్తా ఉందని పెంచుకుంటా పోయినావు. అది ఎవురి ఊఁ అని చూసుకోలేదే నువ్వు," అంది అవ్వ. పోయి ఆ బిడ్డకు నిజం చెప్పి రమ్మంది.

అక్క ఏదో ఊరు తిరిగొచ్చి, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళు కడుక్కుంటోంది. అంతా అబద్ధం అక్కా అని ఏడుస్తూ చెప్పాను. ఆమె నా తల నిమిరింది. "మా అన్న చెప్పమన్నాడా పాపా? చేపలు కొనేదానికొచ్చే అరవోళ్ళ దగ్గిర నువ్వు విని ఉంటావులే. లేకుంటే అంత బాగా ఎట్టా చెప్తావు?" అంది. అబద్ధానికి మాటమాటకూ ఊఁ కొట్టిన మనిషి నిజానికి ఒక్క ఊఁ కూడా కొట్టలేదు.

ఇప్పుడు నేను కథలు రాసేదాన్ని. కొత్తగా రాసే పిల్లలు ఫోన్ చేసి, పాఠకులను ఎలా పట్టుకోవాలి మేడమ్ అని అడుగుతారు. పట్టుకోవడమేమిటి, వాళ్ళేమన్నా రొయ్యలా! అయినా చెబుతాను. రాజుగారి కిరీటం కన్నా తెగిన వేలు నమ్మిస్తుందని, వాసన చెబితే మనిషి దగ్గరికొస్తాడని, ఎక్కడ ఆపితే తర్వాత ఏమిటని అడుగుతారో అక్కడ ఆపమని. అవన్నీ నాకు ఆ మధ్యాహ్నమే వచ్చేశాయి. అవి పనిచేస్తాయి, నా భయం కూడా అదే. చివర్లో, ఆ వేలు ఎవరిదో ముందు కనుక్కోండి అంటాను. ఆ మాట దగ్గరకొచ్చేసరికి చాలామందికి వేరే పని గుర్తొస్తుంది. నేను మాత్రం ఏది రాసినా, అచ్చుకు పంపే ముందు ఊఁ కొట్టేవాళ్ళు లేని గదిలో ఒక్కదాన్నే పైకి చదువుకుంటాను.

పోయినేడు ఊరికి వెళితే అక్క గడప మీద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడిపోయింది. చేతులకు గాజులున్నాయి. నన్ను గుర్తుపట్టి, పక్కన చోటు చూపించి, "ఊఁ, చెప్పు పాపా, తర్వాత?" అంది. అంతగా నమ్మి వినే మనిషి నాకు మళ్ళీ దొరకలేదు, దొరకకూడదు కూడా. ఇన్ని కథలు రాసినదాన్ని, ఆమె పక్కన పొద్దు వాలేదాకా నోరు మెదపకుండా కూర్చుని లేచి వచ్చాను.