ప్రభువు బల్లకు ముందటి శనివారం

మా చర్చి తలుపు తీస్తే ఇప్పుడు ముక్కిన వాసన కొడుతోంది. మూలన చుట్టిపెట్టిన మూడు జంపఖానాలు చెమ్మకు పాడవుతున్నాయి; పరిచేది ఒక్కటే, అదీ సగం మడతతో. పోయిన నెల పాస్టరు వచ్చిన ఆదివారం కూడా మేము పదకొండుగురమే. నెలకొకసారే వచ్చే ఆయన వెళ్తూ వెళ్తూ, "ఈస్టర్ దాక చూస్తం తాతా. గిట్లనే ఉంటే మిమ్ముల వనపర్తి సంఘంల కలుపుతరు," అన్నాడు.

ఆత్మకూరు దగ్గరి ఈ ఊళ్ళో, నా చిన్నతనంలో, ఆ జంపఖానాలు నాలుగూ చాలక ఆడవాళ్ళు ఇళ్ళ నుంచి గొంగళ్ళు తెచ్చుకునేవారు. వేరుశనగ పీకే రోజుల్లో కూడా ఒంటి మీది ఎర్రమట్టి కడుక్కొని, తలకు ఆముదం రాసుకొని, కొత్త జొన్నలు కొంగున కట్టుకొని వచ్చేవారు. క్రిస్మస్ దగ్గరపడితే వీధి పొడవునా గరిజెలు వేగే వాసన, గోడలకు తడి సున్నం వాసన, పాటలు నేర్చుకునే పిల్లల గోల కలిసిపోయేవి.

అన్నిటికంటే నాకు గుర్తున్నది ప్రభువు బల్లకు, అంటే యేసు చివరి భోజనం గుర్తుగా నెలకొకసారి అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆదివారానికి, ముందటి శనివారం. తగవు పెట్టుకున్నవాళ్ళు మర్నాడు ఆ రొట్టె ముట్టకూడదని కట్టుబాటు. అందుకని సంఘపెద్ద అయిన మా నాయన చేను నుంచి పెందలాడే వచ్చి, కాళ్ళు కడుక్కొని, ఇల్లిల్లూ తిరిగేవాడు, వెనుక నేను. ఒకసారి దేవమ్మకూ, పక్కింట్లోనే ఉండే ఆమె తోడికోడలికీ కోడిపెట్ట గురించి నెల రోజులుగా మాటల్లేవు. నాయన వెళ్ళి దేవమ్మ అరుగు మీద కూర్చున్నాడు.

"మీరిద్దరు మాట్లాడేదాంక నేను లేవ."

"లేవకు మామా, గాడనే పండు. రొట్టె పెడత, తిను."

"వట్టి రొట్టె నాకు దిగదు. ఆమె ఇంట్ల పప్పు వాసనొస్తుంది. పోయి జరంత తే."

దేవమ్మ గొణుక్కుంటూనే గిన్నె పట్టుకొని పక్కింటికి నడిచింది. కాసేపటికి లోపల నుంచి, "పెట్ట నీదే తియ్యి, ఎత్తుకపో," అన్న తోడికోడలి గొంతు వినిపించింది. మర్నాడు ఇద్దరూ ఒకే గొంగడి మీద కూర్చున్నారు.

ఉద్యోగం నుంచి రిటైరై నేను సంఘపెద్దనయ్యాక ఆ తిరుగుడు మానేశాను. ఆ కట్టుబాటును చర్చిలో చదివి వినిపిస్తే చాలనుకున్నాను. తర్వాత ఫోన్‌లో సందేశం పంపితే చాలనుకున్నాను. రానివాళ్ళ పేరు పక్కన డైరీలో 'రాలేదు' అని రాసేవాణ్ణి. మొన్న ఆ డైరీలన్నీ ముందేసుకొని చూశాను. 'రాలేదు' వరుసలు ముత్యాల్లా ఉన్నాయి. 'వెళ్ళి అడిగాను' అన్న మాట ఒక్కచోటా లేదు.

ఈ శనివారం కర్ర పట్టుకొని దేవమ్మ మనుమరాలు సుజాత ఇంటికి వెళ్ళి, రేపు బల్లకు రమ్మన్నాను. ఆమె చేతిలోని చాట పక్కన పెట్టింది.

"మా అమ్మ పోయేముందు మూడు నెలలు దవాఖానల ఉండె తాతా. సంఘపోల్లు ఎవలన్న వస్తరని తలుపు దిక్కే చూసింది. ఒక్కరు రాలే. ఇప్పుడు మంది తక్కువైన్రని వస్తివా?"

"తప్పైంది బిడ్డా."

"కూసో. చాయ్ తాగు," అంది. బల్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

మర్నాడు సుజాత రాలేదు. తొమ్మిదిమందిమే. ఆరాధన మొదలుపెట్టకుండా పాస్టరును ఆపి, రెండోసారి గంట కొట్టి, వాకిట్లో నిలబడి చూశాను. వీధిలో ఎవరూ కదల్లేదు. ఆ ఇళ్ళవాళ్ళ పేర్లన్నీ నాకు వరుసగా తెలుసు. ఏ ఇంట్లో ఏం కష్టముందో అడిగితే మా నాయన చెప్పేవాడు. నేను చెప్పలేను.