చెప్పుల కాపలా

మా చిన్నప్పుడు... ప్రతి శనివారం తెల్లారకముందే మా ఇంటిల్లిపాదీ కొండెక్కేవాళ్ళు. నేను తప్ప.

కొండపల్లిలో మా వీధి చివరే ఆ కొండ. పెద్దదేం కాదు... ముసలివాళ్ళు కూడా కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేసేవారు. పైన ఆంజనేయస్వామి గుడి. చెప్పులతో ఎక్కకూడదు కాబట్టి అందరూ మొదటి మెట్టు దగ్గర విడిచేవారు... వాటి పక్కన నన్ను కూర్చోబెట్టేవారు.

నాకు ఉబ్బసం. మంచు పడితే పిల్లికూతలు, దుమ్ము లేస్తే పిల్లికూతలు. "దానివల్ల ఎక్కడవుతుందిలే, చెప్పులు చూస్తూ కూర్చుంటుంది" అని మా నానమ్మ తేల్చేసింది. మా ఇంట్లో ఆవిడ మాటకి అప్పీలు లేదు.

అన్నయ్య ప్రసాదం నాకుతూ దిగేవాడు. పైనుంచి కృష్ణ మొత్తం కనిపిస్తుందనీ, కరెంటు తయారుచేసే థర్మల్ గొట్టాల పొగ ముఖానికి ఎదురుగా ఉంటుందనీ, బెజవాడ రైలు గొంగళిపురుగంత ఉంటుందనీ ఒకటే కోతలు. నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే ఆయాసం ఇంకా పెరిగేది. అది చూపించి "చూశారా, నేను చెప్పలా" అనేది నానమ్మ. అంత అవమానం మళ్ళీ ఎప్పుడూ పడలేదు నేను.

ఒక వేసవి సెలవుల్లో దొరికింది మంగమ్మత్త. పైన గుడికి నీళ్ళు మోసేది... రోజూ ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని. నీకు ఆయాసం రాదా అని అడిగాను ఒకరోజు.

"నాకెందుకు రాదమ్మా... వచ్చేదాకా ఆగను నేను. అది రాకముందే కూర్చుంటా" అంది.

అంతే విద్య. పదిహేను మెట్లు ఎక్కడం... కూర్చోవడం. అలసట లేకపోయినా సరే, కూర్చోవడమే. మళ్ళీ పదిహేను. పొద్దున్నే పాలు తెస్తానని గిన్నె పట్టుకుని బయల్దేరేదాన్ని, మంగమ్మత్త వెనకాల కొన్ని మెట్లు ఎక్కి దిగి, పాలు పోయించుకుని ఇంటికొచ్చేదాన్ని. పాలకి ఇంతసేపా అని అమ్మ అడిగితే లైను పెద్దదిగా ఉందనేదాన్ని. ఎండ ముదిరే కొద్దీ మెట్లు పొద్దున్నే కాలేవి... అరికాళ్ళు బొబ్బలెక్కేవి. సెలవులు అయ్యేసరికి సీతాఫలం చెట్ల మలుపుదాకా వచ్చాను. అంటే సగం కొండ.

మధ్యలో ఒకరోజు దుమ్ముగాలి లేచింది. ఊపిరాడలేదు. మంగమ్మత్త బిందె అక్కడే దించేసి నన్ను చంకనేసుకుని కిందకి తెచ్చింది. ఆరోజు నిజంగా చచ్చిపోతాననుకున్నాను. ఇంట్లో చెప్పొద్దని బతిమాలాను, చెప్పలేదు. రెండు రోజులు ఊరుకుని మూడోరోజు మళ్ళీ వెళ్ళాను.

శ్రావణం వచ్చింది. రాత్రంతా వాన పడి వెలిసిన శనివారం. మెట్ల నిండా పాచి. మావాళ్ళు ఎప్పట్లాగే చెప్పులు నాకప్పగించి ఎక్కారు. వాళ్ళ మాటలు మలుపు దాటి వినపడకుండా పోయాయి. మంగమ్మత్త అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

లేచాను.

పదిహేను... కూర్చున్నాను. పదిహేను... కూర్చున్నాను. తడి మెట్లు జారుతుంటే చేతులు కూడా ఆనించి ఎక్కాను. మలుపు దాటాక అన్నీ నేనెప్పుడూ చూడని మెట్లు. ఇంకో నాలుగు విడతలు ఎక్కేసరికి పిల్లికూతలు మొదలయ్యాయి. చాలాసేపు కూర్చున్నాను... దిగిపోదామనే అనుకున్నాను. అప్పుడు పైన గంట వినిపించింది. అన్నయ్యే కొడుతున్నాడు, ఆపకుండా. ఆయాసం కంటే కోపం ఎక్కువైంది నాకు. ఈసారి పదిహేను కాదు, ఐదేసి మెట్లు. ఐదు... కూర్చోవడం.

నేను పైకి చేరేసరికి నానమ్మ చేతిలో ప్రసాదం ఉంది.

"చెప్పులెవరు చూస్తున్నారే?" అంది.

"ఎవరూ చూడట్లేదు" అన్నాను.

నాన్న అటు తిరిగి నవ్వుకోవడం కనిపించింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి తనివితీరా చూశాను... ఎర్రనీళ్ళతో కృష్ణ, థర్మల్ పొగ, తడిసిన పెంకుల ఇళ్ళు. రైలు రానేలేదు. అన్నయ్య చెప్పినదాంట్లో సగం కోతలే. అయినా ఎంత బాగుందో!

దిగేసరికి నాన్న కొత్త తోలు చెప్పులు లేవు. నానమ్మ ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉంది. నాన్న ఉత్తకాళ్ళతో బురదలో నడుస్తూ, "పోతే పోయాయిలే అమ్మా... వచ్చేవారం నుంచి అందరం పాతవే వేసుకొద్దాం" అన్నారు.

ఆ తర్వాత ఏ కాలమూ వదల్లేదు నేను. చలికాలం మంచులో ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఎండాకాలం సూర్యుడి కంటే ముందు, వానాకాలం పాకుతూ... ఇప్పటికీ ఏడాదికి మూడుసార్లు ఎక్కాల్సిందే. ఉబ్బసం ఎక్కడికీ పోలేదు, దానికి తోడు మోకాళ్ళు కూడా వచ్చి చేరాయి. మా పిల్లలు "కారులో పోదాం రా అమ్మా, ఎందుకీ మొండితనం" అంటారు. మీరు పైన ఆగండి, నేనొస్తానంటాను. వాళ్ళు గంటసేపు విసుక్కుంటూ ఆగుతారు. ఆగనీయండి!

ఇప్పుడు పైదాకా రోడ్డు వేశారు. పైపుల్లో నీళ్ళెక్కుతున్నాయి... మంగమ్మత్త లేదు. పది నిమిషాల్లో పైకెళ్ళి, నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తున్నారు జనం. మెట్ల మధ్య గడ్డి మొలిచింది. ఏ నెలలో ఆ రాయి చల్లగా ఉంటుందో, ఏ నెలలో కాలుతుందో చెప్పేవాళ్ళు మా వీధిలో నేను తప్ప ఇప్పుడెవరూ లేరు... అదొక్కటే బాధ.

మీకూ ఎవరో ఒకరు "నీవల్ల కాదులే" అని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టే ఉంటారు. ఎవరు కూర్చోబెట్టారో నాకొద్దు... మీరు ఎప్పుడు లేచారో రాయండి.