మా మాటను అట్లే ఉండనిచ్చిన అక్క

మా కంప్యూటరక్క పోయింది. ఆమె కాడ నాతోపాటు నేర్చుకున్న ఓబులేసు ఫోన్ చేసేటప్పటికి నేను బెంగుళూరులో గార్మెంట్స్ పని ముగించుకొని కంపెనీ బస్సులో నిలబడి ఉన్నాను. చుట్టూ ఆడోళ్ళు నిలబడే కునుకు తీస్తున్నారు. "అక్క లేదమ్మే," అన్నాడు. యాడ, ఎప్పుడు అని అడిగినాను. మధ్యాహ్నం అనంతపురం ఆసుపత్రిలో పోయిందనీ, రేపు పొద్దున ఉరవకొండలో మట్టి చేస్తారనీ చెప్పినాడు. కిడ్నీల జబ్బు ఆమెను చాలాకాలంగా తింటా వచ్చింది. ఈ ఫోను ఏదో ఒకరోజు వస్తుందని మాకిద్దరికీ తెలుసు. అందుకేనేమో ఏడుపు రాలేదు. ఎవరో లేచిన సీట్లో కూర్చున్నాను.

చదివే మీకు ఆమె ఎవరో తెలియదు. తెలిసేంత పేరు ఆమెకు రాలేదు. రెండువేల సంవత్సరం దాటినాక, వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో, ఒక సంస్థ ఉరవకొండలో బడిపిల్లల కోసం కంప్యూటర్ కేంద్రం పెట్టింది. ఒక పాత గుడ్డల అంగడి వెనక గది. అందులో మూడు నాలుగు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను. నేర్పేదానికి ఆమెను పెట్టినారు. బీకాం చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్ళి మాట ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషి. బడి విడిచినాక మేం పోయేసరికి పాత చీరముక్కతో కీబోర్డుల మీద దుమ్ము తుడుస్తా ఉండేది. మా కాడ గాలి ఎట్లాంటిదో మీకు తెలుసు కదా, తుడిచి అటు తిరిగేలోగా మళ్ళీ దుమ్మే. ఆమె మాత్రం విసుక్కోకుండా మళ్ళీ తుడిచేది.

కరెంటు ఉన్నంతసేపే కంప్యూటర్లు. పోతే మేం సంచులు సర్దుకునేవాళ్ళం. "కరెంటు పోయింది. నోరు కూడా పోయిందా? కూర్చోండి," అనేది. ఆ మసక చీకట్లో ఒక్కొక్కరం మా ఊరి సంగతి చెప్పాలి. ఎవరి బోరు ఎండింది, ఎవరు ఇంటికి తాళమేసి బెంగుళూరు పోయినారు, బడిలో నీళ్ళు ఎందుకు లేవు. ఆగిపోతే, "ఊ, తర్వాత?" అనేది. కరెంటు వచ్చినాక చెప్పినదే టైపు చేయాలి. అట్లా మా పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ తయారైంది. తెలుగు ఫాంటు వేరేగా దింపుకోని వాళ్ళకు అది వట్టి గీతలూ చుక్కలుగా కనబడేదంట. అయినా ఒకసారి కువైట్‌లో డ్రైవరుగా ఉన్న, మా పక్క విడపనకల్లు మనిషి ఒకాయన జవాబు రాసినాడు. ఈడ కూర్చొని మన మాట చదివినాను, అన్నం సయించలేదు అని. ఆ జవాబును ఆమె మాచేత గట్టిగా చదివించింది.

వారానికొకరు పెద్ద. ఆ వారం పేజీలో ఏముండాలో, ఏముండకూడదో ఆ పిల్లోడో పిల్లో చెప్పాల్సిందే. ఆమె తన కుర్చీ వాళ్ళకిచ్చి, స్టూలు లాక్కొని పక్కన కూర్చునేది. మా తగవులు తెగకపోతే నొసటికి చెయ్యి ఆనించుకొని కళ్ళు మూసుకునేది తప్ప, తీర్పు చెప్పేది కాదు.

నన్ను పంపడం మా నాయనకు ఇష్టం లేదు. ఆడపిల్లకు ఆ పెట్టెల ముందర ఏం పని అని మానిపించినాడు. ఆమె మా ఇంటికి వచ్చింది. మాయమ్మ విత్తనానికి శెనిక్కాయలు ఒలుస్తా ఉంటే పక్కన కూర్చొని తానూ ఒలవబట్టింది. నన్ను పంపమని ఒక్క మాట అడగలేదు. పొద్దు గూకేదాకా ఒలిచి, చెంబుడు నీళ్ళు తాగి పోయింది. మరుసటి రోజు మా నాయన నా పక్క చూడకుండానే, "పోతే పో," అన్నాడు.

నేను రాసిన మొదటి వాక్యం నాకింకా గుర్తుంది. మా నాయన శెనిక్కాయ వేసినాడు, వాన రాలేదు, అని. పట్నంలో చదివొచ్చిన పిల్లొకామె అది చూసి, వేసినాడు కాదు, వేశాడు అని దిద్దబోయింది. నాకు సిగ్గేసింది. అక్క స్టూలు మీది నుంచి అడిగింది.

"మీ నాయన వేశాడా, వేసినాడా?"

"వేసినాడక్కా."

"అయితే అట్లే ఉండనీ."

ఈ పొద్దు మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలు కూడా ఆ "ఉండనీ"లో నుంచి వచ్చినవే.

ఆ మరుసటి ఏడు ఓబులేసు వాళ్ళ నాయన పురుగుల మందు తాగి చనిపోయినాడు. వేసిన బోర్లన్నీ పోయినాయి, పంటా పోయింది. ఓబులేసు మాలో ఒకడు. నా ఈడువాడే. కర్మాంతరాలు అయినాక మళ్ళీ కేంద్రానికి వచ్చినాడు గానీ, కంప్యూటర్ ముందు కూర్చొని ఊరికే తెరపక్క చూసేవాడు. అక్క తన టీ వానికిచ్చేది.

అట్లాంటి రోజుల్లో సంస్థ వాళ్ళు హైదరాబాదు నుంచి చూడను వచ్చినారు. వాళ్ళలో పెద్దసారు మంచివాడే. ఓబులేసు సంగతి విని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. ఈ పిల్లోడు వాళ్ళ నాయన చావును సొంతంగా రాస్తే, వాళ్ళమ్మ ఫోటోతో పేజీలో పైనే పెడితే దేశమంతా చూస్తుంది, సాయం చేసేవాళ్ళు ముందుకొస్తారు, కేంద్రం కూడా నిలబడుతుంది అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అక్క ముఖం వాడిపోయింది. కేంద్రం నిలబడడం ఆమెకు ఎంత అవసరమో ఆ గదిలో అందరికీ తెలుసు.

కొంచెంసేపు నొసట చెయ్యి పెట్టుకొని కూర్చొని, నన్ను చూపించింది. "ఈ వారం పెద్ద ఈ పాప సార్. ఆమెనడగండి."

పదైదేండ్ల పిల్లను నేను. సారు నాపక్క తిరిగినాడు. నేను ఓబులేసును చూసినాను. రాస్తావా అని అడిగినాను. వాడు తల ఎత్తకుండానే జవాబిచ్చినాడు.

"మా నాయన చచ్చింది రాయను. బతికింది రాస్తా."

సారు మళ్ళీ నెమ్మదిగా నచ్చజెప్పబోయినాడు. ఇట్లాంటిది నలుగురికీ తెలియాలి కదా అన్నాడు. నేను అక్కను చూసినాను. ఆమె ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చెప్పాల్సింది నేనే అని అప్పుడు తెలిసింది. "ఆ ఫోటో వద్దు సార్. వాడు ఏది రాస్తే అదే పెడతాము," అన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినబడింది. సారు పోయేటప్పుడు నా తల నిమిరి పోయినాడు.

ఓబులేసు రాసినాడు. వాళ్ళ నాయన చెక్కభజనలో ముందు వరసలో నిలబడేవాడని, ఎవరికన్నా అడుగు తప్పితే తిట్టకుండా నవ్వేవాడని, ఎద్దులను పేరు పెట్టి పిలిచేవాడని, కలగూరలోకి రాగిముద్ద పెద్దదిగా కావాలని మారాం చేసేవాడని రాసినాడు. చావు మాట ఒక్కటీ లేదు. చదివినోళ్ళం మాత్రం తట్టుకోలేకపోయినాము.

వాళ్ళమ్మను అక్క పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమెకు చదువు రాదు. ఓబులేసు చదువుతా ఉంటే కొంగు నోట్లో పెట్టుకొని వినింది. అయిపోయినాక, ఆయన పేరు యాడ ఉండాదని అడిగింది. వాడు వేలితో చూపించినాడు. ఆమె దగ్గరికి వంగి చూసి, "ఇంత చిన్నగా ఉండాదే, నాయనా," అనింది. అక్క లేచి వచ్చి ఆ పేరును పెద్దది చేసింది. "చాలా?" అని అడిగింది. ఇంకొంచెం అనింది ఆమె. ఇంకొంచెం పెద్దది చేసింది. ఆ పొద్దు వాళ్ళమ్మ ముఖం తేటపడడం నేను చూసినాను.

మరుసటి ఏడాది సంస్థ కేంద్రాన్ని విడిచిపెట్టింది. మా మాట వల్లనా, వేరే కారణమా, మాకెవరూ చెప్పలేదు. అక్క కూడా ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. మిగిలిన ఒక కంప్యూటరుతో కొన్నాళ్ళు ఈడ్చింది. తర్వాత ఊళ్ళో నెట్ అంగళ్ళు వచ్చినాయి. మా పేజీ ఉన్న సైటు మూతబడింది. ఓబులేసు వాళ్ళ నాయన, కువైట్ మనిషి జవాబు, నా వాన రాని శెనిక్కాయ, అన్నీ దాంతోపాటే పోయినాయి. ఆమె ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద టైపు చేసే పనికి చేరింది. పొద్దంతా ఎవరివో పేర్లు, సర్వే నంబర్లు.

ఊరికి పోయినప్పుడు ఒకసారి బస్టాండులో కనబడింది. ముఖం ఉబ్బి ఉంది. మా పేజీ పోయిందే అక్కా అని నేను బాధపడితే, "పోతే పోనీ పాపా. మళ్ళా రాయడమొచ్చు కదా మీకు," అనింది. ఒళ్ళెట్లా ఉండాదని అడిగినాను. "అలిసిపోయినా," అనింది. నా సంచీ అందుకొని బస్సెక్కించి, "ఊరికే అలిసిపోలేదులే," అని నవ్వింది. ఆమెను చూడడం అదే కడసారి.

మట్టి చేసే కాడికి మేం కొందరమే రాగలిగినాము. ఆమె అన్నకు మేమెవరో తెలియదు. అక్క కాడ నేర్చుకున్నోళ్ళం అని ఒక్కొక్కరం చెప్పుకున్నాము. ఓబులేసు ఇప్పుడు ఒక పేపరుకు ఉరవకొండ వార్తలు పంపుతాడు. ఎవరైనా మందు తాగి పోయినారని తెలిస్తే ఫోటో అడగడు. ఆయన ఎట్లాంటి మనిషి అని అడుగుతాడంట. నేను మా ఫ్యాక్టరీలో మరుగుదొడ్డికి పోనివ్వని సూపర్‌వైజరు మీద అందరి తరఫునా మాట్లాడినాను. గొంతు ఇప్పటికీ వణుకుతుంది. అయినా మాట్లాడతాను.

సాయంత్రం బస్సెక్కినాను. రాత్రికి బెంగుళూరు చేరి, పొద్దున మళ్ళీ పనికి పోవాలి. ఊరు దాటినాక, శెనిక్కాయ పీకేసిన చేన్లో ఒకామె ఒక్కతే పరిగె ఏరుకుంటా ఉంది. మట్టిలో దొరికిన కాయను చీరకు తుడిచి, ఒలిచి, చంకలో బిడ్డ నోట్లో పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకొని ఒక్క నిమిషం నిటారుగా నిలబడింది. బస్సు లేపిన దుమ్ము ఆమె మీదుగా పోయింది. ఆమె మళ్ళీ వంగింది.