శాంపిల్ కుర్చీ

మా గేమింగ్ సెంటర్లో కొత్త గేమ్ ఏది దిగినా ముందు నన్నే కూర్చోబెట్టేవాళ్లు. మర్యాద చేస్తున్నారని అనుకునేరు. వీడు ఎక్కడెక్కడ చస్తాడో చూసుకుని, తాము అక్కడ చావకుండా ఆడుకోవడానికి. నేను ఆడుతుంటే వెనక గుంపు నిలబడేది. నేను గోతిలో పడితే అక్కడ గొయ్యి ఉందని అందరికీ తెలిసేది. పడగానే నవ్వులు. ఆ తర్వాత నేను లేచి కుర్చీ ఖాళీ చెయ్యాలి.

ఈ పద్ధతి పెట్టింది సెంటర్ ఓనరు. అందరం ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం. అంతకుముందు ఆయనకు మైపాడు వైపు రొయ్యల గుంటలుండేవి. గుంటలో రొయ్యపిల్లల్ని వదిలే ముందు ఆ నీళ్లు ఒక టబ్బులో పట్టి, గుప్పెడు పిల్లల్ని అందులో వేసి చూసేవాడు. అవి బతికితే మిగతావన్నీ గుంటలోకి వెళ్తాయి. చస్తే నీళ్లు బాగాలేవని అర్థం, టబ్బును గట్టు మీద ఒంపేస్తారు. ఆ గుప్పెడు పిల్లల్నే శాంపిల్ అంటారు. రోగం తగిలి వరసగా పంటలు పోయాక ఆయన గుంటలు వదిలేసి, ఇందుకూరుపేటలో రోడ్డు మీద షాపు తీసుకుని కంప్యూటర్లు పెట్టాడు. గుంటలు పోయినా ఆ బుద్ధి మాత్రం పోలేదు. అక్కడ టబ్బు, ఇక్కడ నేను. కొన్నాళ్లకు అందరూ నన్ను పిలిచే పేరే శాంపిల్ అయిపోయింది.

నన్నే ఎందుకంటే, నా కుడిచేతికి చూపుడు వేలు, మధ్య వేలు లేవు. ఇంటర్ అయ్యాక ఆయన గుంటల మీదే పనికి కుదిరాను. ఒకరోజు నీళ్లను చిలికే ఏరియేటర్ రెక్కలకు నాచు చుట్టుకుంది. మోటారు ఆపి తియ్యాలి. అది పాత మోటారు, ఆపితే మళ్లీ తిరగదేమోనని, ఆపకుండానే లాగెయ్యమన్నాడు అన్న. లాగాను. ఆస్పత్రికి ఆయనే తీసుకెళ్లాడు, ఇంటికి పండ్లు కూడా పంపాడు. సెంటర్ పెట్టాక పదిమందిలో, "నువ్వు ఎప్పుడొచ్చినా నీకు ఫ్రీరా అబ్బయా" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నారందరూ. కొన్నాళ్లు నేను కూడా అనుకున్నాను, అదీ నా ఖర్మ.

ఫ్రీ కాబట్టి, జనం ఉండని మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిపాను. మౌస్‌ను ఎడమ పక్కకు మార్చుకున్నాను. కుడిచేతి బొటనవేలు, చివరి రెండు వేళ్లు కీబోర్డు మీద పెట్టి సాధన చేశాను. మొదట్లో మణికట్టు పట్టేసేది, చిటికెన వేలు వాచి అన్నం కలుపుకోవడానికి కూడా వీలయ్యేది కాదు. అమ్మ కలిపి పెడుతూ ఆ సెంటర్ని, దాని ఓనర్ని, నన్ను కలిపి తిట్టేది. సెంటర్లో తిట్లు వేరే. నా తర్వాత కూర్చున్నవాడు మౌస్ కోసం కుడి పక్కన తడుముకుని, అది అక్కడ లేక నన్ను బూతులు తిట్టేవాడు. పడ్డాను. చెయ్యి దారికి రావాలంటే ఆ కంప్యూటర్లు కావాలి, నాకు వేరే దిక్కు లేదు.

ఒకసారి కార్ల గేమ్ ఒకటి దిగింది. కూర్చున్న మొదటిసారే అన్ని కార్లనూ దాటేసి ముందు వచ్చాను. ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని వెనక్కి తిరిగి చూశాను. అన్న నా భుజం మీదుగా వంగి స్క్రీన్ చూశాడు.

"వీడే గెలిచినాడంటే దీన్ని ఇంకెవురు ఆడతారు? తీసెయ్యండి."

మౌస్ నా చేతిలోనే ఉంది కాబట్టి ఆ తీసేసే పని కూడా నాకే చెప్పాడు. నేను గెలిచిన ఒకే ఒక్క గేమ్‌ను నా చేత్తోనే తీసేశాను. వెనకవాళ్లు నవ్వలేక చచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా మరుసటి రోజు మళ్లీ వెళ్లాను.

ఆ తర్వాత నెల్లూరులో పోటీ అన్నారు. ఐదుగురి జట్టు. అన్న మేనల్లుడు కెప్టెన్. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, తనకు తెలియనిది ఈ మండలంలో ఎవరికీ తెలియదని అతని నమ్మకం. అతని వెనక ఎప్పుడూ తిరిగే ముగ్గురు ఉన్నారు. ఐదో సీటు ఖాళీ. పోటీలో ఆడే గేమ్ సెంటర్లోకి కొత్తగా వస్తోందని, అందులో బాగా ఆడినవాడికే ఆ సీటని అన్న అందరి ముందూ చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు కదా అని నమ్మాను.

ఆ సీటు నాకు కావాలి. కప్పు వాళ్లే ఉంచుకోనీ. నా పక్కన నలుగురు కూర్చుని ఆడాలి. "నువ్వు ఎడమ పక్క చూసుకో" అని వాళ్లలో ఒకడు నాతో అనాలి, నేను చూసుకుంటానని నమ్మి వాడు కుడి పక్కకు తిరగాలి. సెంటర్ పెట్టిన రోజు నుంచి నా వెనక నిలబడ్డవాళ్లే గానీ పక్కన కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

గేమ్ వచ్చిన రోజు అలవాటు ప్రకారం శాంపిల్‌గా నన్ను ఐదో కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మొదలుపెట్టారు. వంతెన మీదికి కాల్చే కాపలావాళ్లను తప్పించుకుని, వంతెన దాటి అవతలి కోటను పట్టుకోవాలి. కెప్టెన్ వంతెన మీదికి ఉరికి అందరికంటే ముందు చచ్చాడు. అతను ఎటు పోతే అటు పోవడం తప్ప తెలియని ముగ్గురూ అతని వెనకే పోయి చచ్చారు. నేను వంతెన ఎక్కలేదు. ఒడ్డు దిగి, నీళ్లలోంచి వెళ్లి, స్తంభం పట్టుకుని పైకి పాకి, కోట వెనక తేలాను. కోట పట్టుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ మొహం మాడిపోయింది.

"గేమ్‌లో ఏందో తేడా ఉండాది మామా. నేను చచ్చి వీడు బతకడమేంది?"

నిజంగానే గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించారు. అది ఎక్కేదాకా ఒక్కడూ నాతో మాట్లాడలేదు. మళ్లీ ఆడాం. మళ్లీ వాళ్లు చచ్చారు, మళ్లీ నేను కోట పట్టుకున్నాను. అప్పుడు కెప్టెన్ లేచి వచ్చి, నా ఎడమచేతి కింద నుంచి మౌస్ లాగి కుడి పక్కన పెట్టాడు.

"ఎడం పక్క పెట్టుకుంటే ఎట్టరా? నెల్లూరులో అట్ట కుదరదు. అందురి మాదిరి ఆడు, చూస్తాం."

"కుదరదని ఎవురు చెప్పినారు?"

"నేను చెప్తా ఉండా."

అన్న వైపు చూశాను. ఆయన గోడ మీది ఏసీ వైపు చూస్తున్నాడు. కుడిచేత్తో మౌస్ పట్టుకున్నాను. నొక్కాల్సిన చోట నాకు వేలు లేదు. వంతెన మొదట్లోనే చచ్చాను. సెంటరంతా ఈలలు, కేకలు. "ఇప్పుడు సరిపోయింది గేమ్" అని కెప్టెన్ అందరితో చేతులు కలిపాడు. గెలిచినప్పుడు కూడా వాళ్లు అంత సంబరపడగా నేను చూడలేదు.

అన్న నన్ను బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించాడు.

"ఐదో సీటు నాదే కదన్నా. నువ్వే చెప్పినావు" అన్నాను.

"నువ్వు బాగా ఆడినావురా, నాకు కళ్లు లేవా?" అన్నాడు మెల్లగా. "ఆడ అందురూ ఫోన్లు పెట్టి వీడియోలు తీస్తారు. ఈ చెయ్యి ఎట్ట పోయిందబ్బయా అని అడుగుతారు. నీకు అబద్ధం చెప్పడం రాదు. అప్పుడు నేనేం కావాల?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పిలకాయలకు ఆ నీళ్లలోంచి పొయ్యే దోవ చూపించి పో. మంచోడివి."

టీ గ్లాసు ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. లోపలికి వెళ్లి దోవ చూపించాను. అంత జరిగాక ఎందుకు చూపించావని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. చూపించాలంటే వాళ్లు నాతో ఆడాలి. మౌస్‌ను మళ్లీ ఎడమ పక్కకు జరుపుకున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. చీకటి పడేదాకా ఆడాం. ఒకసారి ఆటలో పడి కెప్టెన్ మరిచిపోయి, "ఎడం పక్క చూసుకోరా" అన్నాడు. చూసుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ నిమిషం నాకు సంతోషంగా ఉంది.

ఐదో సీటు ఎరువుల షాపాయన కొడుక్కి ఇచ్చారు. నేను ఆడుతుంటే నా వెనక నిలబడి దోవ నేర్చుకున్నవాడే.

ఆదివారం పొద్దున అన్న ఐదుగురినీ కారెక్కించుకుని నెల్లూరు బయల్దేరాడు. నేను కూడా వెళ్లి రోడ్డు మీద నిలబడ్డాను, ఎందుకో తెలియదు. కారు కదిలే ముందు ఆయన అద్దం దించి సెంటర్ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఈ రోజంతా నీదేరా. ఎంతసేపైనా ఆడుకో."

తలుపు తీసి, ఏసీ వేసి, ఐదో కుర్చీలో కూర్చుని ఆ గేమ్ పెట్టాను. ఐదుగురు చేరితే గానీ అది మొదలవ్వదట. ఇంకా నలుగురు రావాలని స్క్రీన్ మీద చూపిస్తూ ఉండిపోయింది. కాసేపు చూశాను. తర్వాత లేచి, పక్కనున్న నాలుగు కంప్యూటర్లూ ఆన్ చేసి, వాళ్ల నలుగురి బదులు నేనే చేరాను. గేమ్ మొదలైంది. నలుగురూ ఒడ్డున కదలకుండా నిలబడి ఉన్నారు. కెప్టెన్ కుర్చీలో కూర్చుని ముందు అతన్ని వంతెన మీదికి నడిపించి చంపాను. తర్వాత ఒక్కో కుర్చీ మారుతూ మిగతా ముగ్గుర్నీ చంపాను. మళ్లీ నా కుర్చీకి వచ్చి, నీళ్లలో దిగి, కోట దగ్గరికి చేరాను. కాపలావాళ్లంతా వంతెన వైపే ఉన్నారు, ఒక్క అడుగు వేస్తే కోట నాదే. పట్టుకుని ఎవరికి చూపించాలో తెలియక, అన్నీ ఆపేసి తాళం వేసి ఇంటికొచ్చాను.